లక్ష రూపాయల ఫోన్ కొనేముందు ఒకసారి షోరూం బయటికొచ్చి చూడండి: మన కడప ఎండలో పెద్ద ఫోన్‌ని పరీక్ష చేసే పద్ధతి

పెద్ద ఫోన్లు కొనేవాళ్ళు మన కడపలో ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, కువైట్‌లో అన్న ఉన్నోళ్ళు కొందరు, బెంగళూరులో కొత్తగా జాబ్ వచ్చినోళ్ళు కొందరు, కూతురి పెళ్ళిలో అల్లుడికి ఐఫోన్ పెట్టాలని చూసేవాళ్ళు ఇంకొందరు, అందరూ అడిగేది మాత్రం ఒకటే, "అన్నా, ఇది అంత డబ్బుకి తగినదేనా?" అని. ఎనభై వేలు, లక్ష దాటిన ఫోన్లన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి, స్పెక్స్ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. తేడా తెలిసేది మన ఎండలో, మన సిగ్నల్‌లో, రిపేరొచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ దగ్గర, ఇంకా ఆ ఫోన్‌ని ఎన్నేళ్ళు వాడతాం అనే లెక్కలో. ఈ నాలుగూ ఎట్ల చూడాలో చెప్తా, ఓపిగ్గా చదవండి, డబ్బులు మీవి కదా.

ముందు ఇంట్లోనే చేసే పని ఒకటుంది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌లో మీకు ఏం తక్కువైందో రాసుకోండి. బ్యాటరీ ఒక్కటే సమస్య అయితే కంపెనీ సర్వీస్ సెంటర్లో కొత్త బ్యాటరీ వేయించుకోండి, కొత్త ఫోన్ ఖర్చులో అది శానా చిన్న భాగం. వాట్సాప్ నిండిపోయి స్లో అయ్యింటే ఫోన్ ఖాళీ చేసి రీసెట్ కొట్టి చూడండి. ఇవన్నీ చేసినాక కూడా పిల్లల ఫోటోలు బాగా రావాలనో, వీడియో పని ఉందనో, అప్‌డేట్లు ఆగిపోయి బ్యాంక్ యాప్‌లకి భయంగా ఉందనో గట్టి కారణం ఉంటే అప్పుడు షాపుకి బయల్దేరండి. ఆ కారణం జేబులో పెట్టుకునే పోండి, ఎందుకంటే అక్కడ సేల్స్ అబ్బాయి మీకు అక్కర్లేని ఇంకో పది చెప్తాడు.

షాపుకి సాయంత్రం ఏడింటికి పోవద్దు. మధ్యాహ్నం పన్నెండు ఒంటిగంట మధ్యలో పోండి, నిజంగా చెప్తున్నా. లోపల ఏసీ, ట్యూబ్‌లైట్లు, డెమో ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టి ఉంటుంది, అక్కడ ఏ స్క్రీనైనా మెరిసిపోతుంది. సెక్యూరిటీ వైరుతో కట్టేసి ఉంటే తీసి ఇవ్వమని అడగండి, వాళ్ళ మనిషిని పక్కన పెట్టుకునైనా వాకిలి దాటి ఎండలో నిలబడండి, లక్ష పెట్టేవాడు అడిగితే శానామంది కాదనరు. ఎండలో ఆటో బ్రైట్‌నెస్ ఆన్ చేసి, ఒక ఫోన్‌పే స్క్రీనో మ్యాపో తెరిచి చూడండి, చెరుకురసం బండి దగ్గర నిలబడి డబ్బులు కొట్టేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకుండా అంకెలు కనపడాల, అంతే పరీక్ష.

బాక్సు మీద స్క్రీన్ వెలుగు కొలతగా 2600 నిట్స్, 3000 నిట్స్, 4500 నిట్స్ అని వేస్తారు కదా, ఆ పెద్ద నంబర్ శానాసార్లు స్క్రీన్ మొత్తానిది కాదు, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువ చూపే) వీడియోలో స్క్రీన్‌లో చిన్న ముక్క వెలిగినప్పుడు కొలిచింది. మనకి కావాల్సింది ఎండలో స్క్రీన్ అంతా ఎంత వెలుగుతుంది అనేది. ఐఫోన్ 16 ప్రో స్పెక్స్‌లో చూస్తే మామూలుగా 1000, హెచ్‌డీఆర్‌లో 1600, బయట ఎండలో 2000 అని మూడు వేరువేరుగా రాసి ఉంటాయి, ఏ కంపెనీ ఫోన్ అయినా ఇట్ల విడగొట్టి అడగాల. ఇంకోటి, అద్దం మీద మెరుపు. శామ్‌సంగ్ ఎస్24 అల్ట్రా నుంచి వాళ్ళ అల్ట్రా ఫోన్లకి గొరిల్లా ఆర్మర్ అనే గ్లాసు వేశారు, అది మెరుపు బాగా తగ్గిస్తుంది, నిట్స్ అంకెకన్నా దీనివల్లే ఎండలో ఎక్కువ సుఖం. కానీ దాని మీద మామూలు టెంపర్డ్ గ్లాస్ అతికిస్తే ఆ గుణం పోయినట్టే, కాబట్టి కొన్న గంటలోనే పక్క షాపులో నూట యాభై రూపాయల గ్లాస్ వేయించే అలవాటు దీనికి పనికిరాదు.

ఎండ అంటే వెలుగు ఒక్కటే కాదు, వేడి కూడా. ఆపిల్ వాళ్ళు ఐఫోన్‌ని చుట్టూ గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండే చోట వాడమని రాశారు, 35 దాటిన చోట ఉంచితే బ్యాటరీ కెపాసిటీ శాశ్వతంగా దెబ్బతినొచ్చని కూడా వాళ్ళే రాశారు. మన కడపలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే కదా, అంటే మన దగ్గర ఎండాకాలమంతా ఫోన్ కంపెనీ చెప్పిన హద్దు అవతలే పని చేస్తుంది. ఫోన్ వేడెక్కితే ఏం చేస్తుందంటే స్క్రీన్ వెలుగు దించేస్తుంది, ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుంది, చార్జింగ్ నెమ్మది చేస్తుంది లేదా ఆపేస్తుంది, కెమెరా యాప్ మూసేసే ఫోన్లు కూడా ఉన్నాయి. అందుకే ఆ వేల నిట్స్ ఐదు నిమిషాలు ఉంటాయా, అరగంట ఉంటాయా అనేదే అసలు ప్రశ్న.

దీన్ని చూసేదానికి షాపులోనే ఒక దారుంది, వాకిలి దగ్గర నిలబడి 4కే వీడియో 60 ఫ్రేముల మీద పది నిమిషాలు రికార్డ్ చెయ్యండి, కెమెరా పక్కన వెనకవైపు చేత్తో తాకి చూడండి, స్క్రీన్ మసకబారిందా చూడండి. ఇంట్లో యూట్యూబ్ రివ్యూలు చూసేటప్పుడు అంటుటు అనే స్పీడ్ పరీక్షలో స్కోరు ఎంత అని కాకుండా, 3డీమార్క్ అనే యాప్ స్ట్రెస్ టెస్ట్‌లో స్టెబిలిటీ ఎంత శాతం వచ్చిందో చూడండి, అందులో ఒక్కో నిమిషం చొప్పున ఇరవై రౌండ్లు తిప్పుతారు, మంచి రౌండ్‌తో పోలిస్తే పడిపోయిన రౌండ్ ఎంత ఉందో ఆ శాతం చెప్తుంది. మొదటి నిమిషంలో స్పీడు ఏ ఖరీదైన ఫోన్‌కైనా ఉంటుంది, ఇరవయ్యో నిమిషంలో ఉండేదే మనది. రివ్యూ చేసిన మనిషి ఏసీ గదిలో చేశాడా అనేది కూడా గమనించండి.

చిప్ పేర్లలో ఒక్క అక్షరానికి మోసపోయేవాళ్ళు ఉన్నారు. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 వేరు, 8ఎస్ జెన్ 3 వేరు, ఎస్ ఉన్నది కింది మెట్టు చిప్. అదే ప్లస్ అయితే తిరగబడుతుంది, 2021 చివర్లో వచ్చిన 8 జెన్ 1 శామ్‌సంగ్ ఫ్యాక్టరీలో తయారై బాగా వేడెక్కుతుందని పేరు తెచ్చుకుంది, 2022లో టీఎస్ఎంసీ ఫ్యాక్టరీకి మార్చి 8 ప్లస్ జెన్ 1గా తెచ్చాక వేడి తగ్గింది. సెకండ్‌హ్యాండ్‌లో పాత ఫ్లాగ్‌షిప్ (కంపెనీ అన్నిటికన్నా పై రకం ఫోన్) కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా మన ఊర్లో.

ఇంక కెమెరా. లక్ష ఫోన్ కొనేవాళ్ళు శానామంది చూసేది దీన్నే కాబట్టి టైం కూడా దీనికే పెట్టండి. 200 మెగాపిక్సెల్ అనే మాటకి తొందరపడొద్దు, ఆ సెన్సర్ మామూలుగా పదహారు పిక్సెల్స్‌ని కలిపి ఒకటి చేసి 12 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తుంది, అది తప్పేం కాదు, అట్ల కలిపితేనే తక్కువ వెలుతురులో ఫోటో బాగుంటుంది, కాకపోతే 50 ఉన్న ఫోన్‌కన్నా నాలుగు రెట్లు మేలు అనుకోవద్దు. షాపులోనే కొన్ని ఫోటోలు తీసి చూడండి. మీతో వచ్చినవాళ్ళని లోపలవైపు వాకిలి దగ్గర నిలబెట్టి, వెనక ఎండ రోడ్డు కనపడేటట్టు తియ్యండి, మొహం నల్లగా అవ్వకూడదు, వెనక రోడ్డు తెల్లగా కొట్టుకుపోకూడదు. రోడ్డు మీద పోయే ఆటోని తియ్యండి, నంబర్ ప్లేట్ అలికినట్టు ఉంటే ఇంట్లో పరిగెత్తే పిల్లల ఫోటోలు కూడా అట్లే వస్తాయి.

జూమ్ కోసం ఎదురుగా దూరంగా ఉండే తెలుగు బోర్డు వెతకండి, ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల వాటికి కొదవలేదు. 3ఎక్స్, 5ఎక్స్, 10ఎక్స్, 30ఎక్స్ వరుసగా తీసి, తర్వాత గ్యాలరీలో పెద్దది చేసి అక్షరాలు చదవండి. ఇంగ్లీష్ బోర్డు అయితే ఏఐ సులువుగా ఊహించి సరిచేస్తుంది, తెలుగులో ఒత్తులు, గుణింతాలు, సున్నాలు ఉంటాయి కదా, అక్కడే బండారం బయటపడుతుంది. "క్లాత్" అనే మాటలో ల ఒత్తు ఒత్తులాగే ఉందా, లేకపోతే ఫోన్ సొంతంగా వంకరగీతలు గీసిందా చూడండి. యాడ నుంచి గీతలు కల్పించడం మొదలైందో ఆ ఫోన్ నిజమైన జూమ్ అక్కడికే అయిపోయినట్టు, బాక్సు మీద 100ఎక్స్ రాసినా సరే.

చీకట్లో ఇంకో చిట్కా. షాపులో వెలుతురు తక్కువ మూల చూసుకుని 5ఎక్స్ పెట్టి, వెనకున్న జూమ్ లెన్స్‌ని వేలితో మూయండి. స్క్రీన్ మీద బొమ్మ అట్లే ఉంటే ఫోన్ జూమ్ లెన్స్ వాడటంలేదు, మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తోంది అని అర్థం. పెద్ద దర్గా ఉరుసులోనో దేవుని కడప తేరు రోజునో రాత్రిపూట దూరం నుంచి తియ్యాలనుకునేవాళ్ళకి ఈ ఒక్క పరీక్ష శానా పనికొస్తుంది.

నేను రాజీపడని విషయం ఒకటుంది, చర్మం రంగు. కొన్ని ఫోన్లు బ్యూటీ మోడ్ ఆపేసినా మొహాన్ని తెల్లబరిచి, ముడతలు చెరిపేసి ఇస్తాయి. మా అమ్మ ఫోటో తీస్తే అమ్మలాగే ఉండాల, ఆమె చామనఛాయ, మొహం మీద గీతలు అన్నీ ఉండాల, పదేళ్ళ తర్వాత చూసుకునేది ఆ ఫోటోనే. కాబట్టి ఫోటో తీసినాక ఫోన్ పక్కనే ఆ మనిషిని నిలబెట్టి రెంటినీ చూడండి. స్క్రీన్ మీద అందంగా ఉన్నదానికన్నా మనిషికి దగ్గరగా ఉన్నదానికే నా ఓటు.

వీడియో తీసేవాళ్ళు నడుస్తూ తియ్యండి, మధ్యలో లెన్స్ మార్చండి, రంగు ఒక్కసారి మారిపోతుందా, బొమ్మ ఎగురుతుందా చూడండి, రోడ్డు హారన్ల మధ్య మీ మాట వినపడుతుందా చెవి దగ్గర పెట్టుకుని వినండి. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూసుకుంటూ గండికోట పోయేవాళ్ళకి ఒక మాట, పెద్ద ఇంజన్ బైకుల అదురుకి కెమెరాలో చేతి వణుకుని సరిచేసే ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ వాళ్ళే హెచ్చరిక పెట్టారు. ఓఐఎస్ ఉన్న ఏ ఫోన్ అయినా జేబులోనే పెట్టుకోండి, లేదా అదురు తగ్గించే హోల్డర్ తీసుకోండి.

సిగ్నల్ విషయంలో ఇండియా మోడల్ కొంటే పెద్ద ఇబ్బంది ఉండదు, అయినా బ్యాండ్ల (ఫోన్ పట్టుకునే సిగ్నల్ ఫ్రీక్వెన్సీల) లిస్టులో ఎన్28, ఎన్78 రెండూ ఉన్నాయా చూసుకోండి. జియో 5జీకి 700 మెగాహెర్ట్జ్‌లో ఎన్28 ఉంది, అది తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి దూరం పోతుంది, గోడల్లోకి దూరుతుంది, ఎన్78 స్పీడు ఎక్కువ గానీ దూరం తక్కువ. పల్లెల్లో మందపాటి రాతిగోడల మిద్దెల్లో ఉండేవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది. వైఫై కాలింగ్ పని చేస్తుందో లేదో కూడా అడగండి.

కువైట్ నుంచి తెప్పించుకునేవాళ్ళు మాత్రం ఆగి చదవండి. 2025లో వచ్చిన ఐఫోన్ 17, 17 ప్రో, 17 ప్రో మ్యాక్స్ ఫోన్లు కువైట్, సౌదీ, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్‌లో అమ్మేవి సిమ్ స్లాట్ లేకుండా ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) ఒక్కటే ఉండేటట్టు చేశారు. అమెరికాలో అయితే ఐఫోన్ 14 నుంచే అంతే. జియో, ఎయిర్‌టెల్ ఈసిమ్ ఇస్తాయి కాబట్టి వాడుకోవచ్చు, కానీ ఫోన్ రిపేరుకి పోయినప్పుడు సిమ్ పీకి పాత డబ్బా ఫోన్‌లో వేసుకునే సౌకర్యం ఉండదు, ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే వచ్చేవాళ్ళు ఇది ఆలోచించుకోవాల. అక్కడి మోడల్‌కి ఇక్కడ వారంటీ సర్వీస్ ఇస్తారా అనేది కూడా తెప్పించకముందే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, అన్న సెలవు మీద వచ్చి ఫోన్ చేతిలో పెట్టినాక కనుక్కుంటే లాభంలేదు.

ర్యామ్, స్టోరేజ్ గురించి ఎక్కువ చెప్పను. 12 ప్లస్ 12 ర్యామ్ అంటే 24 కాదు, రెండో 12 స్టోరేజ్‌లోంచి తీసుకునేది, దాని వేగం ర్యామ్ వేగం కాదు. మెమరీ కార్డు స్లాట్ ఈ ఫోన్లలో దాదాపు లేనట్టే, 4కే 60 వీడియో నిమిషానికి సుమారు 400 ఎంబీ తింటుంది, అంటే పది నిమిషాలకి 4 జీబీ, కాబట్టి వీడియో తీసేవాళ్ళు 256 జీబీకి తగ్గొద్దు. ఆ వీడియోలు కేబుల్‌తో లాప్‌టాప్‌కి ఎక్కించేవాళ్ళు యూఎస్‌బీ వెర్షన్ చూడండి, ఐఫోన్ 15, 16 మామూలు మోడళ్ళలో టైప్ సీ ఉన్నా లోపల యూఎస్‌బీ 2 వేగమే. చార్జర్ బాక్సులో ఉందా లేదా అడిగి, లేకపోతే దాని ధర కూడా ఫోన్ ధరకి కలుపుకోండి. నీళ్ళు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు ఉందని ఫోన్‌ని నీళ్ళలో ముంచి ఆడొద్దు, అది ల్యాబ్‌లో మంచినీళ్ళతో చేసిన పరీక్ష, నీళ్ళు లోపలికి పోయి చెడిపోతే మామూలు వారంటీలో బాగుచేసి ఇవ్వరు.

ఏఐ ఫీచర్లకి నా దగ్గర ఒకటే కొలత. షాపులో ఫోన్ పట్టుకుని మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే వాయిస్ టైపింగ్ చెయ్యండి, "ఏం ప్పా యాడికి పోతాండావ్" అని. కాల్ ట్రాన్స్‌లేషన్, రికార్డింగ్‌ని రాతగా మార్చడం తెలుగుకి ఉన్నాయా లిస్టులో చూడండి. ఈరోజు తెలుగులో పని చెయ్యనిదానికి, "తర్వాత అప్‌డేట్‌లో వస్తుంది" అనేదానికి ఒక్క రూపాయి కూడా లెక్కలో వెయ్యకండి.

ఇప్పుడు అసలు లెక్క. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శామ్‌సంగ్ ఎస్24 నుంచి ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామని చెప్పారు. ఆ ఏడేళ్ళు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఫోన్ మార్కెట్‌లోకి వచ్చినప్పటి నుంచి లెక్క. పిక్సెల్ 8 అక్టోబర్ 2023లో వచ్చింది కాబట్టి 2030 అక్టోబర్‌కి అయిపోతాయి, మీరు ఎప్పుడు కొన్నా సరే. ధరని మిగిలిన ఏళ్ళతో భాగించండి. ఉదాహరణకి కొత్త ఫోన్ 84,000, ఏడేళ్ళు మిగిలుంటే ఏడాదికి 12,000. అదే కంపెనీ పోయినేటి ఫ్లాగ్‌షిప్ 54,000కి దొరికి ఆరేళ్ళు మిగిలుంటే ఏడాదికి 9,000. 36,000 ఫోన్‌కి నాలుగేళ్ళు ఉంటే అది కూడా 9,000. అంటే పోయినేటి ఫ్లాగ్‌షిప్‌కీ మధ్యరకం ఫోన్‌కీ ఏడాది ఖర్చు ఒకటే అయ్యి, కెమెరా, గ్లాసు మాత్రం పై రకంవి వస్తాయి. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పించే ఖర్చు కలిపినా లెక్క పెద్దగా మారదు. శానామందికి నేను చెప్పేది ఇదే, కొత్తది వచ్చినప్పుడు పోయినేటిది కొనండి. ఐఫోన్లు సెప్టెంబర్‌లో, శామ్‌సంగ్ ఎస్ సిరీస్ ఏడాది మొదట్లో వస్తాయి, ఆ టైంలోనూ దసరా సేల్స్‌లోనూ పాతవాటి ధర దిగుతుంది. రెండేళ్ళకి ఫోన్ మార్చేసేవాళ్ళకి మాత్రం ఈ లెక్క చెల్లదు, వాళ్ళు కొన్న ధరలోంచి అమ్మితే వచ్చే ధర తీసేసి చూసుకోవాల.

సర్వీస్ గురించి షాపతన్ని కాదు, కంపెనీ సైట్లో పిన్‌కోడ్ కొట్టి చూడండి. ఆ కంపెనీ అధీకృత సెంటర్ కడపలో ఉందా, లేక ప్రతిదానికీ తిరుపతికో బెంగళూరుకో పోవాలా తెలుస్తుంది. కొన్ని కంపెనీలు స్పేర్ పార్ట్స్ ధరలు సైట్లోనే పెడతాయి, మీరు కొనే మోడల్ డిస్‌ప్లే ధర ముందే చూసుకోండి, మడత ఫోన్లకైతే ఇది తప్పనిసరి. ఓఎల్ఈడీ స్క్రీన్ల మీద ఆకుపచ్చ గీత పడితే వారంటీ అయినాక ఏమైనా చూస్తారా అని కూడా అడిగిపెట్టుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ అనేది, ప్రొద్దుటూరులో బంగారం కొనేటప్పుడు తరుగు, మజూరి విడివిడిగా అడిగినట్టు విడగొట్టి అడగాల. వడ్డీ అంత డిస్కౌంట్ ముందే తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాల, ప్రాసెసింగ్ ఫీజు వేరే, దానికి మళ్ళీ జీఎస్టీ. వడ్డీ 6,000 అయితే దాని మీద జీఎస్టీ 1,080. పెద్ద మొత్తం కాదు, కానీ రొక్కం ఇస్తే ఎంతకిస్తారు అని అదే నోటితో అడగండి, ఒక్కోసారి అసలు తేడా అక్కడే ఉంటుంది.

కొనే రోజు సీల్ మీ కళ్ళముందే విప్పించండి. *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కి వేరుగా ఉండే గుర్తింపు నంబర్, వస్తుంది, అది బాక్సు మీద, జీఎస్టీ బిల్లు మీద ఒకటేనా చూడండి. కేవైఎం (KYM) అని ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి ఐఎంఈఐ టైప్ చేసి 14422కి మెసేజ్ పెడితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి, ప్రభుత్వం వాళ్ళ సంచార్ సాథీ యాప్‌లో కూడా చూడొచ్చు, సెకండ్‌హ్యాండ్ అయితే ఇది చెయ్యకుండా డబ్బులు ఇవ్వొద్దు. పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేవాళ్ళు గూగుల్ అకౌంట్ లేదా ఐక్లౌడ్ తీసేసి, రీసెట్ చేసినాకనే చేతికివ్వండి.

రీప్లేస్‌మెంట్ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఆ రోజులు అయిపోకముందే అన్నీ వాడేయండి, తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్ పెట్టి చుక్కలున్నాయా, రెండు స్పీకర్లూ పలుకుతున్నాయా, రెండు సిమ్ములూ కాల్ పోతున్నాయా, అన్ని లెన్సులూ ఫోకస్ అవుతున్నాయా, ఒక రాత్రి చార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే పొద్దుటికి ఎంత శాతం దిగింది, ఇవన్నీ. ఏదైనా తేడా వస్తే ఆ రోజే వీడియో తీసి బిల్లుతో షాపుకి పోండి, అక్కడ తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి.